జీపు, పాక, పందికొక్కులు: ఒక డెల్టా ఊరి పని చిట్టా

అక్టోబరు

కృష్ణా డెల్టాలో, రేపల్లె వైపు మా ఊళ్లో, నాన్నగారి పాత మహీంద్రా ఎంఎం 540 జీపును మళ్లీ రోడ్డెక్కించే పని ఇది. ప్యూజో డీజిల్ ఇంజను ఆరోగ్యంగానే ఉంది. బాడీ తుప్పు సంగతి వేసవిలో చూడవచ్చు. ఈ పంటకాలానికి పెట్టుకున్నవి రెండే పనులు: ఎలుకలు కొరికిన వైరింగ్ మార్చడం, మార్చినది మళ్లీ వాటి నోటికి అందకుండా చేయడం. రెండోదే పెద్ద పని. కొత్త వైరు ఏ ఎలక్ట్రీషియనైనా వేస్తాడు. ఎలుకకు మాత్రం కొత్తదీ పాతదీ అన్న పట్టింపు లేదు.

నష్టం లెక్క రాసుకున్నాను. డ్యాష్‌బోర్డు కింద వైర్ల కట్ట మొత్తం పోయింది. హెడ్‌లైట్లకు వెళ్లే వైర్లు మడ్‌గార్డు లోపలి అంచు దగ్గర తెగాయి. స్టార్టు చేసే ముందు ఇంజనును వేడెక్కించే హీటరు ప్లగ్గుల వైరు మీద తొడుగు లేదు. పంపు నుంచి ట్యాంకుకు తిరిగి వచ్చే డీజిల్ రబ్బరు గొట్టానికి చిల్లు పడింది, జీపు నిలిపే పాకలో వాసన అక్కడిదే. వెనుక సీటు స్పాంజి సగానికి సగం మాయం. అది ఎక్కడికి పోయిందో ముందు సీటు కింద పనిముట్ల పెట్టె తెరిస్తే తెలిసింది. పానాల మీద గూడు: గోనె పీచు, స్పాంజి తునకలు, మినపపొట్టు, అందులో కలిసిపోయిన ఎవరిదో శుభలేఖ ముక్క, దాని మీద ఇంకా కనిపిస్తున్న పసుపు. కొరికిన వైరును వెలుతురులో పట్టుకుంటే పక్కపక్కనే రెండేసి గాట్లు వరుసగా కనిపిస్తాయి. తొడుగు పొట్టులా ఊడి కింద పడి ఉంది. రాగి తీగలో ఒక్క పోగు కూడా తెగని చోట్లు ఉన్నాయి. షార్టు అయి మంటలు లేచేది సరిగ్గా అలాంటి చోటే.

ఈ తరహా డీజిల్ ఇంజనుకు ఒక చిత్రమైన గుణం ఉంది. ఒకసారి స్టార్టయ్యాక నడవడానికి కరెంటు అక్కరలేదు, పంపు యాంత్రికంగానే తిరుగుతుంది. మా బండిని ఆపేది కూడా లాగే కేబులే. కాబట్టి వైర్లు సగం పోయినా బండి హాయిగా నడుస్తుంది. ఆరిపోయేవి దీపాలు, హారను. పెట్రోలు కార్లున్న మా పట్నం బంధువులకు ఆ అదృష్టం లేదు. ఒక్క సెన్సరు వైరు తెగితే బండి గేటు దాటదు.

వైరు తొడుగులో సోయా వాడటం వల్లే ఎలుకలు ఎగబడుతున్నాయన్న మాట కొత్త కార్ల విషయంలో తరచూ వినిపిస్తుంది. మా జీపులో ఉన్నది ముప్పై ఏళ్ల నాటి మామూలు పీవీసీ. దానికీ మినహాయింపు దొరకలేదు. ఎలుక ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. గూడు ఎక్కడ పెడితే కొరకడం అక్కడ. నా దృష్టిలో గూటికి చోటు దొరకకుండా చేయడమే అసలు మందు.

గూడు తీసేటప్పుడు చీపురు పట్టలేదు. ఎండిన పెంటికలు, మూత్రం దుమ్ముగా లేస్తే ఊపిరిలోకి పోతాయి. చేతి మీద చిన్న గీత ఉన్నా తడి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకే ప్రమాదం ఉంది. రబ్బరు గ్లౌజులు, మాస్కు వేసుకుని, ఒక వంతు బ్లీచు ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, కాసేపు నాననిచ్చి, పాత గుడ్డలతో తుడిచి, ఆ గుడ్డలను పూడ్చేశాను. ఇనుము మీద బ్లీచు నిలవకూడదు. వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ఎలుక వదిలినదాన్ని తుప్పు తింటుంది.

నవంబరు మొదట్లో

శత్రువు ఎవరో తెలియకుండా రేకులు కొనడం దండగ. రాత్రి పాక నేల మీద, దూలాల మీద ముగ్గు పిండి పలుచగా చల్లి పొద్దున చూశాను. దూలం మీద సన్నటి అడుగులు, మధ్యలో తోక గీత. అది ఇంటి ఎలుక, పైనుంచి వస్తుంది. గోడ మూలన అరచేతి వెడల్పు బొరియ, బయట మట్టి కుప్ప. అది పందికొక్కు, కింద నుంచి తవ్వుకుని వస్తుంది. ఒకదానికి వేసిన అడ్డు రెండోదానికి పనికిరాదు. మూతి పొడుగ్గా ఉండి గోడ వారగా కీచుమంటూ పరుగెత్తే చుంచు కూడా కనిపించింది. అది బొద్దింకల్ని తినే జీవి, దాని జోలికి వెళ్లలేదు.

ఏ బొరియలో ఎలుకలున్నాయో తెలుసుకునే పాత పద్ధతి పొలం గట్ల మీద అందరికీ తెలిసిందే. సాయంత్రం అన్ని కన్నాలనూ తడిమట్టితో మూసేయాలి, పొద్దునకు ఏవి తెరుచుకుంటే వాటిలో ఉన్నట్టు. పాక చుట్టూ అదే చేశాను. తెరుచుకున్నవన్నీ వడ్లు నిలవచేసే పాత గడ్డి పురి పక్కనే. పురి అడుగున రాలిన వడ్లు నిరుటివి. పాకలో గింజ ఉన్నంత కాలం ఎన్ని రేకులు కొట్టినా లాభం లేదు కాబట్టి మొదట పురినీ, దాణా బస్తాలనూ బయటికి చేర్చాం. దాణా ఇప్పుడు బిగుతు మూతలున్న ఇనుప డ్రమ్ముల్లో ఉంటోంది.

గడువు పంచాంగంలో లేదు, పొలంలో ఉంది. వరి నిలబడి ఉన్నంత కాలం వాటికి తిండి, నీడ, నీళ్లు గట్ల మీదే దొరుకుతాయి. కోతకు ముందు మళ్లలో నీరు తీసేస్తారు, కోత యంత్రం ఒక్క పూటలో చేను ఖాళీ చేస్తుంది. మా వైపు కోతకు ముందే వరిలో మినుము చల్లుతారు. అయినా అది మొలిచి గుబురుగా అల్లుకునేదాకా పొలంలో దాక్కునే చోటు ఉండదు. అప్పుడే అవి గడ్డివాముల్లోకి, పాకల్లోకి, బానెట్ల కిందికి వలస వస్తాయి. "కోతలయ్యాక తీరిగ్గా చేద్దాంలేరా" అన్నాడు బాబాయి. కోతలయ్యాక మూస్తే ఎలుకల్ని లోపల పెట్టి తలుపు వేసినట్టే. ఈ విషయంలో నేను వినలేదు.

నవంబరు నడుమ

మెష్, అంటే ఇనుప వల, కొనడంలో దుకాణదారుకు, నాకు చిన్న వాదం. ఆయన అరంగుళం కన్ను చూపించి "ఎలుక ఎందులో దూరుతుందండీ" అన్నారు. పెద్ద ఎలుక దూరదు, పిల్ల దూరుతుంది. చిట్టెలుకకైతే పెన్సిలంత సందు చాలు. పావు అంగుళం కన్నున్న, జింకు పూత పూసిన వెల్డు మెష్‌నే పట్టుబట్టి తీసుకున్నాను. ప్లాస్టిక్ దోమతెర చవక, కానీ అది వాటికి అప్పడం.

పని ఇలా సాగింది. గోడ పునాది వెంట మూరెడు లోతు కాలువ తీసి, మెష్‌ను ఎల్ ఆకారంలో వంచి, అడుగు మడత బయటివైపు ఉండేలా పాతాం. పందికొక్కు గోడను ఆనుకునే తవ్వుతుంది, మెష్ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి సామాన్యంగా రాదు. గోడ కన్నాల్లో ముందు ఉక్కు పీచు కుక్కి, దాని మీద సిమెంటు. వట్టి సిమెంటు పచ్చిగా ఉండగానే గీకేస్తాయి. తలుపు అడుగున ఉన్న సందుకు రేకు పట్టీ బిగించాం. నేలకు, రేకుకు మధ్య చిటికెనవేలు దూరకూడదు.

పైనుంచి వచ్చేవాటికి వేరే ఏర్పాటు. పాక నిట్రాళ్లకు, అంటే స్తంభాలకు, మనిషి నడుమెత్తున, అడుగు వెడల్పు నున్నటి రేకు చుట్టాం. గోళ్లకు పట్టు దొరకదు, కింద నుంచి ఎగిరినా దాటలేవు. దూలం మీదికి వంగిన చింతకొమ్మ నరికించాం. తాటాకు కప్పు తీసి రేకులు వేద్దామంటే బాబాయి ఒప్పుకోలేదు, వేసవిలో లోపల ఉడికిపోతామని. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. కప్పును అలాగే ఉంచి, దాని కింద జీపు నిలిపే చోటు వరకు మెష్‌తో పైకప్పు ఉన్న గది కట్టాం. పాక అంతటినీ కాపాడటం కంటే జీపునొక్కదాన్ని పంజరంలో పెట్టడమే చవక.

నవంబరు చివర

మూయడానికి ముందు లోపలున్నవాటిని పట్టాలి. ఊళ్లో రైతులు ఎప్పుడూ పిలిచే యానాది పెద్దాయన వచ్చారు. పట్టిన ఎలుకకు ఇంత అని లెక్క. పొలంలో అయితే కుండలో గడ్డి రగిల్చి, అడుగు కన్నం నుంచి బొరియలోకి పొగ ఊదుతారు. ఆ పొగ పీల్చి పీల్చి వాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయి. పాకలో గడ్డి, డీజిలు ఉన్నాయి కాబట్టి పొగ వద్దనుకున్నాం. ఆయన తవ్వారు. బొరియలో ఒక వంపు దగ్గర ఆగి, చెవి పెట్టి విని, గునపం పక్కకు జరిపి ఒక్క పోటు వేశారు. లోపల అర, దాని నిండా కంకులు, కాడలు సమంగా కొరికి పేర్చినట్టు. పందికొక్కు ఇలా కిలోల కొద్దీ దాస్తుంది.

"మందు పెట్టకండి బాబూ, లోపలెక్కడో చస్తే వాసనకు బండి ఎక్కలేరు" అన్నారు వెళ్తూ. నేనూ అదే అభిప్రాయంతో ఉన్నాను. పొలంలో బ్రోమడయోలోన్ అనే ఎలుకల మందు వాడకం వేరే సంగతి. 96 వంతుల నూకలు, 2 వంతుల నూనె, 2 వంతుల మందు కలిపి, పొట్లాలు కట్టి, ఎలుకలున్న బొరియల్లోనే వేస్తారు. ఊరంతా ఒకేసారి చేస్తేనే ఫలితం. ఒక్కరే వేస్తే పక్క చేలోవి వచ్చి ఖాళీ నింపుతాయి. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. దాన్ని గుడ్లగూబ తిన్నా, పిల్లి తిన్నా వాటికీ ప్రమాదమే. మా పాకకు కాపలా గుడ్లగూబే, జెర్రిపోతు కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. వాటిని పోగొట్టుకునే బేరం నాకు గిట్టదు.

మిగిలిన వాటికి బోన్లు. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. మొదటి కొన్ని రాత్రులు బోను తలుపు కట్టేసి, ఎర మాత్రం పెట్టాలి. తిని వెళ్లడం అలవాటయ్యాక తలుపు విప్పాలి. గోడను ఆనించి పెట్టాలి, ఎలుక నడిచే దారి అదే. ఎరల్లో పొయ్యి మీద కాల్చిన కొబ్బరి ముక్కకు సాటి లేదు, ఎండుచేప తల దాని తరువాత. జిగురు అట్టలు వాడలేదు. అది బతికుండగానే తోలు ఊడదీసే పద్ధతి.

పొగాకు కాడలు బానెట్టులో కట్టమని ఊళ్లో సగం మంది సలహా. కట్టాను, వాసన ఆరేదాకా పనిచేసినట్టుంది, తరువాత దాని పక్కనే పెంటికలు. కలరా ఉండలదీ అదే కథ, పైగా మనకే తలనొప్పి. అల్ట్రాసౌండు పెట్టె మీద డబ్బు పెట్టే ఉద్దేశం లేదు. రాత్రి బానెట్టు ఎత్తి ఉంచడం మాత్రం ఖర్చు లేని మంచి అలవాటు. చీకటి, వెచ్చదనం రెండూ పోతాయి.

డిసెంబరు

వైరింగ్. బ్యాటరీ నెగటివ్ ముందు విప్పాను. పాత కట్టను కత్తిరించకుండా మొత్తంగా తీసి, ప్లైవుడ్డు మీద పరచి, ప్రతి కొసకు కాగితం చీటీ అంటించి, అదే కొలతకు కొత్తది అల్లాను. హెడ్‌లైట్లు ఒక్కోటి 60 వాట్లు, రెండూ కలిపి 12 వోల్టుల మీద దాదాపు 10 ఆంపియర్లు. వాటికి రిలే, 15 ఆంపియర్ల ఫ్యూజు. అతుకులు తప్పని చోట ఒకదాని పక్కన ఒకటి రాకుండా మెట్లమెట్లుగా వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. ఎలుకకు అందే చోట్ల, అంటే మడ్‌గార్డు అంచు, గేరుబాక్సు పైభాగం, ఛాసిస్ వెంట, ఇనుప వంపు గొట్టంలోంచి వైరు పోయింది. గొట్టం కొసలకు రబ్బరు వాషర్లు తప్పనిసరి, లేకపోతే ఎలుక చేయాల్సిన పని గొట్టం అంచే చేస్తుంది. బ్యాటరీకి, సైలెన్సరుకు దూరంగా బిగించాను.

కరెంటు ఇచ్చే ముందు ఒక పాత కిటుకు: బ్యాటరీకీ వైరింగ్‌కూ మధ్య ఒక హెడ్‌లైటు బల్బును వరుసలో పెట్టాలి. ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, వైరు కాలదు. స్విచ్చులన్నీ ఆపి ఉంచితే వెలగలేదు. పార్కింగు దీపాలు వేస్తే మినుకుమంది, అది సరైన గుర్తే.

సంక్రాంతి తరువాత

కోతలు అయ్యాయి. ఈ ఏడు గడ్డివామును పాకకు అవతల, దొడ్డి చివర వేయించాం. చుట్టూ రెండు బారల నేల గడ్డి లేకుండా చెక్కి ఉంది. మెష్ బయట ముగ్గు మీద అడుగులు రోజూ పడుతున్నాయి, లోపల మాత్రం పడటం లేదు. పిల్లి ఒకటి చేరింది, బానెట్టు మీద పడుకోవడం తప్ప దాని ఉద్యోగం ఏమిటో ఇంకా తేలలేదు.

డీజిల్ గొట్టం మార్చేశాను. ముందు చక్రం దగ్గరి బ్రేకు హోసు మీద కూడా రెండు గాట్లు దొరికాయి. లోతు లేకపోయినా దానికి అతుకు, టేపు వంటివి పనికిరావు, కొత్తదే కావాలి, తెనాలిలో చెప్పి వచ్చాను. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ అయిదేళ్లకోసారి పునరుద్ధరించాలి, తనిఖీలో దీపాలు, బ్రేకులు రెండూ చూస్తారు. హోసులు వచ్చాక బ్రేకుల్లో గాలి తీసి, హెడ్‌లైట్ల ఎత్తు గోడ మీద గీత పెట్టి సరిచేయాలి. తరువాతి వంతు సీట్లది. ఈసారి స్పాంజికి బదులు కొబ్బరి పీచు పెడితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది.