అత్తయ్యది అప్పాజీ పార్టీ

మోకాలి ఆపరేషన్ అయ్యాక అత్తయ్య తెనాలి నుంచి హైదరాబాదులో మా దగ్గరికి వచ్చి ఉంటున్నారు. సాయంత్రం ఫిజియోథెరపీ వ్యాయామాలు చెయ్యమంటే రోజుకో వంక. నవ్వుకునేది ఏదైనా పెడితే చేస్తారేమోనని యూట్యూబ్‌లో 'అమృతం' మొదలుపెట్టాను. ఇప్పుడు వంకలు లేవు గానీ, నవ్వొచ్చినప్పుడల్లా కాలు గాల్లోనే ఆగిపోతుంది. లెక్క నేను పెట్టుకోవాలి.

2001 నవంబరులో గుణ్ణం గంగరాజు గారి ఈ సీరియల్ జెమినీలో మొదలైనప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి హోంవర్కు పక్కన పడేసేవాళ్లం. అత్తయ్యకి అంత తీరిక ఎక్కడిది? మామయ్యగారి టిఫిన్ హోటల్‌కి మర్నాటి ఇడ్లీ పిండి రుబ్బేది సరిగ్గా ఆ టైముకే. గ్రైండర్ చప్పుడులో బొమ్మ కనపడేదట, డైలాగు వినపడేది కాదట.

అందుకేనేమో, సీరియల్లో అమృతం, ఆంజనేలు కలిసి నడిపే హోటల్ అమృత విలాస్‌ని ఆవిడ ఆడిటర్‌లా చూస్తారు. బేరాలు లేనప్పుడు సర్వర్ సర్వానికి జీతం ఎక్కణ్ణుంచి ఇస్తున్నారు? సరుకులు ఏ కొట్లో అరువు? "ఇద్దరు ఓనర్లుండి, ఒక్కడూ గల్లాపెట్టె దగ్గర కుదురుగా కూర్చోడేంటమ్మా?" అని నిజంగానే బాధపడతారు.

300కి పైగా ఎపిసోడ్లలో అమృతం వేషం ముగ్గురు వేశారు: శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్. మా ఆయన శివాజీ రాజాని తప్ప ఎవర్నీ ఒప్పుకోడు. నా ఓటు హర్షవర్ధన్‌కి. "ఎవరైతే ఏంటి, ఆంజనేలు మారలేదుగా" అని అత్తయ్య తీర్పు. దానికి మాత్రం ఎదురు చెప్పలేం. పక్కన అమృతాలు మారుతున్నా ఆంజనేలుగా గుండు హనుమంతరావు ఆ అమాయకత్వాన్ని చివరిదాకా చెదరనివ్వలేదు. ఆయన 2018లో పోయారు. తెర మీద కనపడగానే అత్తయ్య ఇప్పటికీ "మన బెజవాడ మనిషి" అంటారు.

అసలు గొడవ అమృతం వాళ్ల ఇంటి ఓనర్ అప్పాజీ దగ్గర. ఆ వేషంలో శివన్నారాయణ చిరాకు మొహంతో ఎంట్రీ ఇస్తే నాకు మా ఇంటి ఓనరే గుర్తొస్తాడు, చిన్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ కోపం వస్తుంది. అత్తయ్యకేమో తెనాలిలో పై పోర్షన్ అద్దెకిచ్చి ఉంది.

"ఇల్లు కట్టడానికి ఎంత చచ్చామో మీకేం తెలుసు? అద్దె అడిగితే అప్పాజీ చెడ్డోడా?"

"అడిగే పద్ధతి చూడండి అత్తయ్యా!"

"ఆ వెధవలకి ఆ పద్ధతే కరెక్టు."

మొన్న ఎపిసోడ్ అవ్వగానే ఫోన్ అందుకుని పై పోర్షన్ వాళ్లకి చేశారు, రెండు నెలల బాకీ గురించి. మొదటి మాట గట్టిగానే మొదలైంది. తర్వాత వాళ్ల పాపకి జ్వరం తగ్గిందా అని అడిగారు. చివరికి సంక్రాంతికి ఇమ్మని పెట్టేశారు.

"అప్పాజీ అయితే ఇలా వదిలేసేవాడా?" అన్నాను.

"వదలడు. ఇంకోటి పెట్టు, నేర్చుకుంటాను."