మిచెలమ్ ప్రయరీ మోడల్: కందకంలో నీళ్లు పోశాను

మూడు వారాలుగా వాయిదా వేస్తున్న పని నిన్న రాత్రి అయిపోయింది. మోడల్ కందకంలో నీళ్లలా కనిపించడానికి రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) పోశాను. ఇంకా గట్టిపడలేదు, అందుకే మా పాప వేలు పెట్టకుండా గదికి తాళం వేశాను.

మిచెలమ్ ప్రయరీ అంటే ఇంగ్లండ్‌లో ఈస్ట్ ససెక్స్ పొలాల మధ్య, కక్‌మియర్ నది పక్కన ఉన్న క్రైస్తవ మఠం. 1229లో అగస్టీనియన్ క్యానన్ల కోసం, అంటే సెయింట్ అగస్టీన్ నియమాల ప్రకారం కలిసి బతికే మతగురువుల కోసం స్థాపించారు. వీళ్లు ఫ్రయర్లు కారు. ఫ్రయర్లు ఎక్కువగా పట్నాల్లో ఉండి భిక్షమెత్తుకునేవాళ్లు, వీళ్లకు మాత్రం భూములుండేవి. చుట్టూ నీళ్ల కందకం, లోపల సుమారు ఏడెకరాలు. దూరం నుంచి చూస్తే మఠమా, కోటా అనిపిస్తుంది.

స్కేలు 1:300. ఏడెకరాలను చదరం అనుకుంటే ఒక్కో వైపు 56 సెంటీమీటర్లు వచ్చింది. అడుగున ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్. మొదటిసారి స్ప్రే పెయింట్ కొట్టగానే థర్మాకోల్ కరిగి, గట్టంతా చీమలపుట్టలా తయారైంది. తప్పు నాదే, డబ్బా మీద రాసే ఉంది. ఈసారి ఫెవికాల్ రెండు పూతలు పూసి, ఆరాక బ్రష్‌తో యాక్రిలిక్ వేశాను. ఆ ఫెవికాల్ పొరే రెజిన్ కారిపోకుండా కూడా ఆపింది.

కందకం అడుగుభాగానికి నీలం వద్దనుకున్నాను. పొలాల మధ్య కందకంలో నీలి నీళ్లెక్కడివి? మధ్యలో ముదురు గోధుమ, అంచుల్లో పాచిరంగు వేశాను. గట్టు మీద మట్టికి వాడేసి ఎండబెట్టిన టీ పొడి చల్లాను, భలే కుదిరింది. రెజిన్‌ను మెల్లగా కలిపి ఒక్కోసారి 3 మిల్లీమీటర్లే పోశాను. బుడగలు పైకొస్తే హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి పట్టాను. దగ్గరగా పెడితే టీ పొడి ఎగిరి నీళ్లలో పడుతుంది. రెండు చోట్ల పడింది, వదిలేశాను.

14వ శతాబ్దపు గేట్‌హౌస్ (ప్రవేశద్వారం ఉన్న కట్టడం) ఎత్తు సుమారు 60 అడుగులు, అంటే నాకు 6 సెంటీమీటర్లు. 1 మిల్లీమీటరు అట్టతో కట్టాను. కిటికీలు కోయడానికే రెండు సాయంత్రాలు, మూడు బ్లేడ్లు పోయాయి.

చర్చి దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1530లలో మఠాలు మూయించాక దాన్ని కూల్చేశారు, భోజనశాల వైపు భాగం మాత్రం ఇంటిగా మారి మిగిలింది. ఊహించి కట్టొచ్చు, కానీ అది నా చర్చి అవుతుంది, వాళ్లది కాదు. అందుకే గడ్డిలో లేత రంగు గీతతో ప్లాన్ మాత్రమే గీశాను.

ఇక కందకం మీద వంతెన మిగిలింది. దానికి ఐస్‌క్రీమ్ పుల్లలు దాచి పెట్టాను.