కోలుకున్నాక లెక్కలో నేనెక్కడున్నాను

నాకు హెచ్ఐవీ సూది ద్వారా వచ్చింది. ఇప్పుడు హెచ్ఐవీకి రోజుకొక టీఎల్‌డీ మాత్ర వేసుకుంటాను, మత్తుమందు మానడానికి నాలుక కింద బ్యూప్రినార్ఫిన్ పెట్టుకుంటాను, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క, కనిపించని స్థాయిలో ఉంది. నా జబ్బు కథ ఇంతే. రాయదలచుకున్నది వేరే సంగతి. సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లలో ఇంత శాతం మందికి హెచ్ఐవీ ఉందని అప్పుడప్పుడూ పేపర్లో ఒక అంకె పడుతుంది. అది తగ్గితే మంచి జరిగిందనీ, పెరిగితే చెడు జరిగిందనీ అనుకుంటాం. నాలాంటివాళ్లు కోలుకుంటే ఆ అంకె ఎటు కదులుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ముందు ప్రివలెన్స్, అంటే ఒక వర్గంలో వైరస్ ఉన్నవాళ్లు ఎంత శాతమని. ఒక ఊళ్లో సూది వాడేవాళ్లు 1,000 మంది, వాళ్లలో 100 మందికి వైరస్ ఉంటే 10 శాతం. హెచ్ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు లేని రోజుల్లో ఆ వందమందిలో ఏటా కొందరు పోయేవాళ్లు, కొత్తగా అంటుకున్నవాళ్లు ఆ ఖాళీల్లోకి వచ్చేవాళ్లు, శాతం పది దగ్గరే నిలిచేది. ఎంత నష్టం జరుగుతున్నా పైకి నిలకడగా కనిపించేది. ఇప్పుడు మందులు వేసుకునేవాళ్లం బతికే ఉంటున్నాం. కొత్త కేసులు సగానికి పడిపోయినా పాతవాళ్లం ఎక్కడికీ పోలేదు కాబట్టి శాతం పెరగొచ్చు కూడా. ఆ పెరుగుదలలో కొంత మేం బతికి ఉండటమే.

దీనికి ఎదురుగా ఇంకొకటి ఉంది. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఎంచుకున్న కేంద్రాల్లో చేసే సెంటినెల్ సర్వేలో ఈ వర్గంలోకి రావాలంటే గడిచిన మూడు నెలల్లో వైద్యేతర కారణాలకు సూదితో మందు తీసుకుని ఉండాలి. బ్యూప్రినార్ఫిన్ మీద కుదురుకుని మూడు నెలలు సూది ముట్టకపోతే నేను ఆ లెక్కలో ఉండను. భిన్నంలో పైనా ఉండను, కిందా ఉండను. పై ఉదాహరణలోనే 200 మంది సూది మానేశారనుకోండి, వాళ్లలో 60 మంది పాజిటివ్. మిగిలింది 800 మంది, అందులో 40 పాజిటివ్. ఒక్క కొత్త ఇన్ఫెక్షన్‌ను కూడా ఆపకుండానే పది శాతం అయిదైపోయింది. మానేసినవాళ్లలో పాజిటివ్‌లు నూటికి పదికంటే తక్కువైతే శాతం పైకి పోతుంది. బ్యూప్రినార్ఫిన్ కేంద్రం తెరిచిన ఊళ్లో శాతం ఎటు కదిలినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే, లెక్కలోంచి ఎవరు బయటికి వెళ్లారు?

నిజంగా కావాల్సింది కొత్తగా ఎంతమందికి అంటుకుంటోంది అనేది. నెగటివ్‌గా ఉన్నవాళ్లను వరసగా ఏడాదిపాటు పరీక్షిస్తూ పోతే అది తేలుతుంది. కానీ చిరునామా నిలకడగా ఉండని, పోలీసులకు దొరక్కుండా తిరిగే మనుషుల్ని ఏడాదిపాటు వెంటాడటం అంత తేలిక కాదు. పైగా చివరిదాకా దొరికేది కాస్త కుదురుగా ఉన్నవాళ్లే. అందుకని ఒకేసారి తీసిన రక్తంతో ఇటీవలి ఇన్ఫెక్షన్‌ను పట్టే పరీక్షలు వచ్చాయి. వైరస్ చేరిన కొత్తలో యాంటీబాడీలు దాన్ని వదులుగా పట్టుకుంటాయి, నెలలు గడిచేకొద్దీ పట్టు బిగుస్తుంది. ఎల్‌ఏజీ అవిడిటీ అనే పరీక్ష ఆ పట్టును కొలుస్తుంది. పట్టు వదులుగా ఉంటే ఇన్ఫెక్షన్ దాదాపు ఆరు నెలల లోపుదని లెక్క.

చిక్కంతా నాలాంటివాళ్లతోనే. మందులతో వైరస్ అణిగిపోయాక శరీరానికి యాంటీబాడీలు పెంచుకునే పని తగ్గుతుంది, పట్టు మళ్లీ వదులవుతుంది. ఏళ్ల కిందట అంటుకున్న మనిషి కొత్త కేసుగా తేలతాడు. అందుకే ఆ పరీక్షలో కొత్తదని వచ్చిన ప్రతి నమూనాకూ వైరల్ లోడ్ కూడా చూడాలి. మిల్లీలీటరుకు 1,000 కాపీలు దాటితేనే కొత్త ఇన్ఫెక్షన్‌గా రాసుకోవాలి. వైరల్ లోడ్ చూడకుండా వదిలేస్తే, చికిత్స బాగా అందుతున్న ఊరే కొత్త కేసులు విపరీతంగా పెరుగుతున్న ఊరిలా కనిపిస్తుంది.

నన్నడిగితే ప్రివలెన్స్ పక్కన ఇంకో అంకె తప్పకుండా వేయాలి, వైరస్ అణగనివాళ్లు నూటికెందరని. రెండు ఊళ్లలోనూ 20 శాతం ప్రివలెన్స్ ఉందనుకుందాం. ఒకచోట ఆ ఇరవైమందిలో పదహారుమందికి వైరస్ అణిగి ఉంది, ఇంకోచోట అయిదుగురికే. సూది పంచుకునేవాడికి మొదటి ఊళ్లో నూటికి నలుగురితో ప్రమాదం, రెండో ఊళ్లో పదిహేనుమందితో.

ఇక అసలు రక్తం ఎవరిది తీస్తున్నారన్నది. దేశవ్యాప్తంగా 2014-15లో రక్తపరీక్షలతో పాటు అలవాట్లనూ అడిగిన ఐబీబీఎస్ సర్వేలో ఈ వర్గంలో హెచ్ఐవీ 9.9 శాతం. 2017 సెంటినెల్ సర్వేలో 6.26. 2021లో 9.03. మూడింటినీ ఒక గీతలో కలిపి తగ్గింది, మళ్లీ పెరిగింది అనడం తప్పు. మొదటిది సూది వాడేవాళ్లు చేరే చోట్లకు, చేరే వేళల్లో వెళ్లి తీసిన నమూనా. మిగతా రెండూ ప్రధానంగా స్వచ్ఛంద సంస్థలు నడిపే టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టుల్లో నమోదైనవాళ్ల నుంచి తీసినవి. టీఐలో పేరుందంటే కొత్త సిరంజి అందుతోందని, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారని అర్థం. వాటి బయట ఉన్నవాళ్ల సంగతి వేరు. 2013 ప్రాంతంలో 15 భారతీయ నగరాల్లో 14,481 మందిని, తోటివాళ్ల ద్వారానే పిలిపించి పరీక్షించిన ఒక అధ్యయనంలో నగరాల మధ్యస్థ ప్రివలెన్స్ 18.1 శాతం వచ్చింది. ఒక నగరంలో 5.9, ఇంకోచోట 44.7. దేశం మొత్తానికి ఒకే శాతం చెప్పడం ఎంత అర్థం లేనిదో ఆ రెండు చివరలు చూస్తే చాలు.

సెంటినెల్ సర్వేలో ఒక్కో కేంద్రం నుంచి తీసుకునేది 250 మందిని. అందులో 25 పాజిటివ్ అయితే 10 శాతం అని రాస్తారు గానీ, నమూనా చిన్నది కాబట్టి అసలు శాతం దాదాపు 6 నుంచి 14 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఒక కేంద్రంలో 8 శాతం ఉన్నది 11 అయిందని కంగారుపడటం, 11 ఉన్నది 8 అయిందని సంబరపడటం, రెండూ తొందరపాటే.

పైగా ఆ 250 మంది రక్తపు చుక్కలు వాటిని ఆరబెట్టి ల్యాబ్‌కు పంపే కాగితపు కార్డు మీదికి సరిగ్గా చేరాలి. ఏళ్లతరబడి సూది దిగిన చేతిలో నరం దొరకదు. రెండుమూడు చోట్ల గుచ్చేసరికి మనిషి లేచి వెళ్లిపోతాడు. అందుకే వేలి రక్తం. ఉంగరపు వేలి చివర, పక్కభాగాన్ని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. లాన్సెట్‌తో పొడిచాక మొదటి చుక్క దూదితో తీసేయాలి. తర్వాతి చుక్కలు ఫిల్టర్ కార్డు మీది గుండ్రాలను ఒక్కో చుక్కతో నింపాలి, వేలు కాగితానికి తగలకూడదు. గుండ్రం నిండలేదని దాని మీదే ఇంకో చుక్క వేస్తే రక్తం పొరలుగా గడ్డకడుతుంది. రక్తం రావట్లేదని వేలు పిండితే కణజాల ద్రవం కలిసి పలచబడుతుంది. కార్డును ఎండ తగలకుండా, పడుకోబెట్టి కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఆరబెట్టాలి. ఆపైన తేమ పీల్చే సాచెట్లతో జిప్ కవర్లో పెట్టాలి. వానాకాలంలో తొందరపడి తడికార్డు కవర్లో పెట్టేస్తే ల్యాబ్‌కు చేరేసరికి అది పనికిరాదు. ఇన్ని చేసినా ఈ పరీక్ష చూసేది యాంటీబాడీలనే. గడిచిన కొన్ని వారాల్లో అంటుకున్నది అందులో పడదు.

తోటివాళ్ల ద్వారా పిలిపించే పద్ధతిని 1997లో డగ్లస్ హెకథార్న్ అనే సామాజిక శాస్త్రవేత్త రూపొందించాడు. కొద్దిమందితో మొదలుపెట్టి, ఒక్కొక్కరికి రెండో మూడో కూపన్లిచ్చి తెలిసినవాళ్లను పంపమంటారు. వచ్చినందుకు కొంత, పంపినందుకు కొంత డబ్బు. సూది వాడేవాళ్లు నీకు ఎంతమంది తెలుసు అని అడిగి, పరిచయాలు ఎక్కువున్నవాళ్ల బరువు లెక్కలో తగ్గిస్తారు. ఎందుకంటే వాళ్లకు కూపన్ అందే అవకాశమే ఎక్కువ. ఇది చెడేది కూపన్ల దగ్గరే. డబ్బు ఎక్కువ పెడితే కూపన్లు చేతులు మారతాయి, సూది ముట్టనివాడూ వస్తాడు. చేతుల మీది మచ్చలు చూసే మనిషి గుమ్మంలో లేకపోతే వాణ్ని పట్టుకోలేరు. పాత మచ్చకీ కొత్త మచ్చకీ తేడా మా వాళ్లకే తెలుస్తుంది. డబ్బు మరీ తక్కువ పెడితే గొలుసు రెండు మెట్లకే తెగిపోతుంది. ఆడవాళ్ల దగ్గరికి గొలుసు ఒక పట్టాన చేరదు. వాళ్ల కోసం మొదటి కూపనే ఒక ఆడమనిషి చేతికి ఇవ్వాలి.

శాతాన్ని మనుషుల్లోకి మార్చాలంటే మొత్తం ఎంతమందో తెలియాలి. ఎయిమ్స్ వాళ్ల జాతీయ సర్వే 2019లో ఈ సంఖ్యను సుమారు 8.5 లక్షలు అంది. నాకో 2021-22 అంచనా 2.88 లక్షలు. సర్వే పద్ధతులు వేరు, ఉద్దేశాలూ వేరు. కానీ 9 శాతాన్ని దేనితో హెచ్చవేస్తారన్నదాన్ని బట్టి వచ్చే జవాబు మూడింతలు మారుతుంది.

శాతాల గురించి ఇంత పట్టుపట్టడానికి కారణం సూది దారిలో వైరస్ పరుగెత్తే వేగం. మణిపూర్‌లో 1989లో సూది వాడేవాళ్ల రక్తంలో సున్నా ఉన్నది 1990లో సగానికి చేరింది. బ్యాంకాక్‌లో 1987 చివర దాదాపు 1 శాతం, 1988లో 30 దాటింది. రెండేళ్లకోసారి చేసే సర్వే మధ్యలో ఇలాంటిది మొదలై పూర్తయిపోతుంది కూడా. ముందుగా పసిగట్టాలంటే కాలేయానికి పట్టే హెపటైటిస్ సీని చూడాలి. అది సూదితో హెచ్ఐవీ కంటే తేలికగా అంటుకుంటుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం స్కాట్ కౌంటీలో 2015లో బయటపడ్డ 181 హెచ్ఐవీ కేసుల్లో 92 శాతం మందికి హెపటైటిస్ సీ కూడా ఉంది. అయితే హెపటైటిస్ సీలో యాంటీబాడీ పరీక్ష ఒక్కసారి పాజిటివ్ అయితే నయమయ్యాక కూడా పాజిటివే. సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ మందులు పన్నెండు వారాలు వాడి నయమైనవాళ్లను మళ్లీ రోగుల్లో కలపకుండా ఉండాలంటే వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాలి.

సిరంజిలో రకాన్ని కూడా లెక్క రాసుకోవాలి. విడదీసే సూదున్న సిరంజిలో ప్లంజర్ పూర్తిగా నొక్కినా సూది మొదట్లో దాదాపు 84 మైక్రోలీటర్ల ద్రవం, అందులో రక్తం, మిగిలిపోతుంది. సూది అతికి ఉండే ఇన్సులిన్ సిరంజిలో రెండు మైక్రోలీటర్లకు మించదు. సర్వేల్లో సూది పంచుకున్నావా అని అడుగుతారు, ఏ రకం సిరంజి అని మామూలుగా అడగరు.

కోలుకుంటున్నవాళ్లు లెక్కలోంచి జారిపోయే చోటు ఇంకొకటి ఉంది, టీబీ మందులు మొదలుపెట్టే సమయం. రిఫాంపిసిన్ అనే టీబీ మందు టీఎల్‌డీలో ఉండే డాల్యుటెగ్రవిర్‌ను రక్తంలో తగ్గించేస్తుంది, కాబట్టి టీఎల్‌డీకి తోడు పన్నెండు గంటల తేడాతో ఇంకో 50 మిల్లీగ్రాముల డాల్యుటెగ్రవిర్ వేసుకోవాలి, రిఫాంపిసిన్ ఆపాక కూడా రెండు వారాలు. అదే రిఫాంపిసిన్ బ్యూప్రినార్ఫిన్‌ను, అదే పనికి వాడే మెథడోన్‌ను కూడా తగ్గిస్తుంది. ఆ మందు చాలక ఒళ్లునొప్పులు, ఆవులింతలు, ముక్కు కారడం, అంటే విత్‌డ్రాయల్ లక్షణాలు మొదలవుతాయి. మనిషి అది హెచ్ఐవీ మందుల వల్లే అనుకుని అన్నీ ఆపేసి సూది దగ్గరికి వెళ్లిపోతాడు. రిజిస్టర్లో అతని పేరు పక్కన లాస్ట్ టు ఫాలోఅప్, అంటే మళ్లీ రాలేదు, అని పడుతుంది. చేయాల్సిందల్లా బ్యూప్రినార్ఫిన్ మోతాదు పెంచమని డాక్టర్‌ని ఆ వారంలోనే అడగడం. తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు బ్రౌన్ షుగర్ (హెరాయిన్) తీసుకున్నాక కనీసం పన్నెండు గంటలాగి, విత్‌డ్రాయల్ లక్షణాలు బాగా కనిపించాకే మాత్ర పెట్టుకోవాలి. ముందే పెట్టుకుంటే విత్‌డ్రాయల్ ఒక్కసారిగా మీద పడుతుంది. మాత్ర మింగకూడదు, మింగితే చాలాభాగం కాలేయంలోనే ఖర్చయిపోతుంది. ఇంకో మాట. వైరల్ లోడ్ కనిపించకపోతే లైంగికంగా అంటదన్నది రుజువైన విషయం. పంచుకున్న సూదికి అంత భరోసా ఇచ్చే రుజువు లేదు. కాబట్టి లోడ్ ఎంతున్నా సిరంజి ఎవరిది వాళ్లదే.

గ్రీస్‌లో 2010 దాకా సూది ద్వారా వచ్చిన హెచ్ఐవీ కేసులు ఏటా దాదాపు ఇరవై లోపే. 2011లో రెండొందలు దాటాయి. దాన్ని పట్టించింది మామూలు కేసు రిపోర్టుల్లో ఎలా సంక్రమించిందో రాసే గడి. తర్వాత ఏథెన్స్‌లో 2012-13లో నడిపిన అరిస్టాటిల్ కార్యక్రమం ఇదే కూపన్ల పద్ధతిలో 3,320 మందిని చేరింది. కొత్త ఇన్ఫెక్షన్లు ఏడాదికి నూటికి 7.8 నుంచి 1.7కు తగ్గాయి.

మన రెండు రాష్ట్రాల్లో ఆ గడి మీద నాకు నమ్మకం తక్కువ. 2023 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ వయోజన ప్రివలెన్స్ 0.62 శాతం, దేశ సగటుకు మూడింతలు. ఇక్కడ ఎక్కువ భాగం లైంగిక సంక్రమణే. దాంతో ఏఆర్‌టీ కేంద్రంలో అడిగే మనిషికీ, చెప్పే మనిషికీ అదే జవాబు ముందు నోటికొస్తుంది. సూది అని చెబితే పోలీసు కేసవుతుందని భయం, ఇంట్లో తెలుస్తుందని భయం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ సమాచారం మామూలుగా మీ అనుమతి లేకుండా బయటికి ఇవ్వకూడదు. కొత్త సిరంజిలు ఇవ్వడం, తీసుకోవడం నేరం కాదని 22వ సెక్షన్ చెబుతోంది. కౌన్సెలర్ ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడు గది తలుపు వేయమనండి, సూది అని చెప్పండి, అదే రాశారో లేదో కార్డు చూసుకోండి. వేరేది పడి ఉంటే దిద్దించండి. కార్డు పాతదైనా దిద్దమని అడగండి.