పెన్సిలుతో వేసిన ఓటు
బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వెళ్ళిపోవాలా అని 2016 జూన్ 23న బ్రెక్సిట్ ఓటింగ్ పెట్టారు. ఆ రోజు లండన్‌లో, మా వీధి చివరి చర్చి హాల్లో, దారానికి కట్టిన పెన్సిలుతో 'రిమైన్' (ఉందాం) ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టాను. అప్పటికి నేనొచ్చి మూడేళ్ళే. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి నాకు ఓటుంది. పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటూ పన్నులు కడుతున్న మా ఆఫీసు పోలండ్ అమ్మాయికి మాత్రం లేదు. ఇది నాకిప్పటికీ మింగుడు పడదు.

మా బావ 'లీవ్' (వెళ్ళిపోదాం)కి వేశాడు. "యూరప్ వాళ్ళు వీసా లేకుండా వచ్చేస్తారు, మనవాళ్ళేమో జీతం లెక్కలు చూపించాలా?" అని రాత్రి పొద్దుపోయేదాకా ఒకటే వాదన. ఆ బాధ నిజమే, కాదనను. "ఒకరి తలుపు మూస్తేనే మన తలుపు తెరుచుకుంటుందా బావా?" అన్నాను. జవాబు చెప్పలేదు.

తెల్లారేసరికి 51.9 శాతం లీవ్. స్కాట్లండ్‌లో 62 శాతం ఉందామన్నా లాభం లేకపోయింది. ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి లంచ్ బాక్సు మూత తీసి, కాసేపు చూసి, తినకుండానే మూసేసింది.

2021లో, యూరప్ వాళ్ళకైనా మనకైనా ఒకేలా ఉద్యోగం, జీతం, ఇంగ్లీషు చూసి పాయింట్లిచ్చే వీసా వచ్చాక మనవాళ్ళు చాలామందే వచ్చారు. ఆ మేరకు బావ మాటే నెగ్గింది. ఆ పోలండ్ అమ్మాయి అంతకుముందే, 2019లో, తన దేశంలోని క్రాకోవ్ వెళ్ళిపోయింది. వెళ్తూ తన డెస్కు మీది మనీప్లాంటు నా చేతిలో పెట్టింది. నిన్ననే దానికి కుండీ మార్చాను.