అమెరికా వంటింట్లో మన మిక్సీ

అమెరికాకు సామాను సర్దుకునే మన కుటుంబాల్లో మిక్సీ తీసుకెళ్లాలా వద్దా అన్న చర్చ తప్పకుండా వస్తుంది. మన ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్; అక్కడి మామూలు ప్లగ్గుల్లో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. చిన్న అడాప్టరు పిన్నుల ఆకారాన్నే తప్ప వోల్టేజీని మార్చదు కాబట్టి, దాన్ని నమ్ముకుని మన మిక్సీని అక్కడ పెడితే మోటారు నీరసంగా తిరుగుతుంది, గట్టి పప్పు పడగానే ఆగిపోతుంది, అలాగే వదిలేస్తే వేడెక్కుతుంది. ఛార్జర్ల సంగతి వేరు. వాటి మీద 100–240 వోల్టులు అని ముద్రించి ఉంటే అడాప్టరు చాలు.

మిక్సీకి వోల్టేజీని పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 750 వాట్ల మిక్సీ 230 వోల్టుల దగ్గర సుమారు 3.3 ఆంపియర్లు తీసుకుంటే, అదే పనికి ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టుల గోడ ప్లగ్గు నుంచి ఆరు ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ ప్లగ్గు 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద ఉండి, దాని మీదే మైక్రోవేవ్ కూడా నడుస్తుంటే బ్రేకర్ పడిపోవడంలో ఆశ్చర్యం లేదు. మోటారు మొదలయ్యేటప్పుడు విద్యుత్తు ఎక్కువ కావాలి గనుక, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం మిక్సీ వాట్లకు రెట్టింపు ఉండడం మంచిది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని, అంటే ఆ హెర్ట్జ్ లెక్కను మాత్రం మార్చదు: మిక్సీలోని బ్రష్షుల మోటారుకు దానితో పెద్ద పేచీ లేదు గానీ, వెట్ గ్రైండర్‌లో ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే ఇండక్షన్ మోటారు సుమారు 20 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది. ఇంత బరువు మోసే బదులు అక్కడి వోల్టేజీకే తయారైన మిక్సీని కొనుక్కోవడానికే నా ఓటు.

అక్కడి 120 వోల్టుల కాఫీ మేకరును తెచ్చి ఇక్కడ నేరుగా పెట్టడం మరింత ప్రమాదకరం: వోల్టేజీ దాదాపు రెట్టింపైతే హీటరు తీగలో పుట్టే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది.