మా చెరువుగట్టు పండగ, ముందు రోజు కోసేసిన గడ్డి

చెరువు చుట్టూ ఉండే జీవుల్ని జనానికి చూపించే మా పండగకి ముందు రోజు సాయంత్రం చెరువుగట్టు ఎక్కేసరికి అప్పుడే కోసిన పచ్చగడ్డి వాసన గుప్పుమంది. మామూలుగా నాకా వాసన ఇష్టం. ఆ రోజు మాత్రం కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తూర్పు గట్టు మొత్తం గుండు కొట్టించినట్టు నున్నగా ఉంది. జిల్లేడు పొదలు, నడుమెత్తు గడ్డి, నీళ్ళ అంచున జమ్ము, మూడు నెలలుగా మేం ఒక్కో రకం చూసి నోటుబుక్కులో రాసుకున్నదంతా కట్టలు కట్టి ఒక పక్కన పేర్చి ఉంది. కోసినవాళ్ళు చెమట తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వారు. "రేపు జనం వస్తారంట కదా మేడమ్, నీట్‌గా చేసేశాం" అన్నారు.

మంచి పని చేశామన్న తృప్తి వాళ్ళ మొహాల్లో కనిపిస్తుంటే ఏమంటాం? "థాంక్స్ అన్నా, ఇక చాలు, పడమర వైపు మాత్రం ముట్టుకోకండి" అన్నాను. గొంతు వణికిందేమో, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చుట్టుపక్కల ఉండే పిట్టల్నీ పురుగుల్నీ మొక్కల్నీ అందరికీ చూపించే పండగ ఎలా చేయాలని అడిగేవాళ్ళు ముందు పర్మిషన్ గురించి, ఖర్చు గురించి అడుగుతారు. అవి విసిగిస్తాయి కానీ ఎలాగో తెమిలిపోతాయి. నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ఆ చోటుని పండగ రోజు దాకా ఉన్నది ఉన్నట్టుగా ఉంచడం. పండగ అనగానే అందరి చెయ్యీ చీపురు మీదకే పోతుంది మరి.

మొదలైంది నడకలో. రోజూ ఉదయం గట్టు మీద కలిసే నలుగురం. అందులో ఒకావిడకి బయోబ్లిట్జ్ అంటే పిచ్చి. ఒక చోట, ఒక రోజులో ఎన్ని రకాల జీవులు కనిపిస్తాయో జనమూ నిపుణులూ కలిసి లెక్కపెట్టడం అది. 1996 లో వాషింగ్టన్ డీసీలోని కెనిల్‌వర్త్ ఉద్యానంలో మొదటిసారి చేస్తే దాదాపు వెయ్యి జాతులు తేలాయట. నగరం మధ్యలో వెయ్యి! "మన చెరువు దగ్గర వంద ఉండవా?" అందావిడ. ఆ మాటతో నేను ఇరుక్కున్నాను.

తేదీ దగ్గరే మొదటి గొడవ. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం, 1971 లో అదే రోజున ఇరాన్‌లోని రామ్సర్‌లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది కాబట్టి ఆ రోజే చేద్దామన్నారు ఒకరు. వలస పిట్టలూ అప్పుడే ఎక్కువ. కానీ పురుగుల సందడి వానల తర్వాత. రెండూ ఒక్క రోజులో దొరకవు. చివరికి వానలు తగ్గాక, అమావాస్యకి దగ్గరగా వచ్చే శనివారం ఎంచుకున్నాం. వెన్నెల లేని రాత్రే, వెనక దీపం పెట్టి కట్టిన తెల్లటి తెర దగ్గరికి చిమ్మటలు, అదే మాత్‌లు బాగా వస్తాయి. సెలవులు వెతకడానికి క్యాలెండర్ తిప్పే నేను చంద్రుడిని వెతకడానికి తిప్పడం అదే మొదలు.

తర్వాత మూడు నెలలు ప్రతి ఆదివారం సర్వే. ఇది ఎగ్గొట్టి నేరుగా పండగ చేసేవాళ్ళున్నారు. అలా చేస్తే వచ్చిన జనానికి ఏం చూపించాలో మనకే తెలియదు. ఫోటోలు తీసి ఐనాచురలిస్ట్‌లో పెట్టేవాళ్ళం. 2008 లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ విద్యార్థుల ప్రాజెక్టుగా, వెబ్‌సైట్‌గా మొదలై, తర్వాత యాప్ కూడా అయింది అది. మనం ఒక పేరు పెడతాం, ఎక్కడెక్కడి వాళ్ళో అవునంటారు, కాదంటారు. నేను గొప్పగా తేనెటీగ అని పెట్టిన ఫోటో కింద గంటలో ఎవరో రాశారు: రెక్కలు లెక్కపెట్టండి. తేనెటీగకి నాలుగు రెక్కలు. నేను తీసినదానికి రెండే. అది తేనెటీగ వేషం వేసుకున్న ఈగ, హోవర్‌ఫ్లై. కుట్టే పురుగులా కనిపిస్తే పిట్టలు జోలికి రావని ఆ వేషం. నన్నే మోసం చేసిందంటే పిట్టల సంగతి చెప్పాలా.

మా అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి యాప్ ముట్టుకోని మనిషి. గట్టు మీద గేదెలు మేపుకునే తాత. మేం పుస్తకం తిరగేస్తుంటే ఆయన మొక్క వంక చూడకుండానే పేరు చెప్పేవాడు. ఒకరోజు చేతికర్రతో నేల చూపించి, "అడుగు చూసి వెయ్యమ్మా" అన్నాడు. ఎంత చూసినా గులకరాళ్ళే. మోకాళ్ళ మీద కూచుంటే అప్పుడు తెలిసింది, అందులో నాలుగు రాళ్ళు రాళ్ళు కావు, తీతువు గుడ్లు. మట్టి రంగు మీద నల్లటి మచ్చలు. గూడు అనడానికి ఒక గుంట, అంతే. పైన ఆ పిట్ట గొంతు చించుకుని అరుస్తోంది. మేం వెనక్కి తగ్గాం. మాలో ఒక కుర్రాడు అప్పటికే లొకేషన్‌తో సహా గ్రూపులో పెట్టబోతున్నాడు, ఆపాం. గూళ్ళ చోటు ఎక్కడా చెప్పకూడదని ఆ రోజే నియమం పెట్టుకున్నాం. పిట్ట కూతని ఫోన్‌లో వినిపించి దగ్గరికి రప్పించే అలవాటు కూడా వద్దనుకున్నాం. తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందనుకుని అది మేత మానేసి కంగారుపడుతుంది, మనకేమో ఒక ఫోటో.

పర్మిషన్ల గురించి రెండు ముక్కల్లో చెప్తాను. నీళ్ళు ఒకరివి, గట్టు ఇంకొకరిది, దీపాలు మరొకరివి. అందరికీ ఒకే ఉత్తరం ఇచ్చి, అందుకున్నట్టు ముద్ర వేయించుకోండి. "శనివారం రాత్రి గట్టు మీద లైట్లు ఆర్పించండి" అని అడిగినప్పుడు మాత్రం ఒకాయన కళ్ళజోడు తీసి నన్ను తేరిపార చూశారు. లైట్లు వెలగట్లేదని వచ్చేవాళ్ళే తప్ప ఆర్పమని వచ్చినవాళ్ళు లేరట.

మా కమిటీలో మాకే తగువులు. మైకు పెట్టాలని ఒకరు, రంగు బెలూన్లు వదలాలని ఒకరు. బెలూన్లు వదిలితే అవి వెళ్ళి పడేది నీళ్ళలోనో, పొదల్లోనో. పిట్టల పండగ చేస్తూ వాటి మేతలో రబ్బరు కలపడమేంటని నేను కాస్త గట్టిగానే అన్నాను. ఒకాయన అలిగి మూడు మీటింగులకి రాలేదు. స్టేజి నీళ్ళకి ఆనుకుని వేయాలన్నారు, అక్కడే బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలే చిన్న మునుగుడు పిట్ట గూడు కట్టుకుంది. గూడంటే నీటి మొక్కల మీద తేలే చిత్తు కుప్ప. బయటికి వెళ్ళాల్సి వస్తే గుడ్ల మీద తడి ఆకులు కప్పి మరీ వెళ్తుంది. ఆ జాగ్రత్త చూశాక స్టేజి మాట ఎవరూ ఎత్తలేదు. మైకు లేదు, స్టేజి లేదు, 12 మందికి ఒక గుంపు, గుంపుకి ఒకరు దారి చూపించేవాళ్ళు. ఇంత పకడ్బందీగా చేసుకున్నాక ఆ గడ్డి కోత.

ఎవరు చెప్పి కోయించారో తెలుసుకుందామని ఫోన్ చేస్తే అవతలి మనిషి నిజంగానే నొచ్చుకున్నారు. "మంచి చేసినా తప్పేనా మేడమ్?" అన్నారు. తప్పు నాదే ఎక్కువ. నేనిచ్చిన ఉత్తరంలో ఏం కావాలో ఉంది, ఏం చేయకూడదో లేదు.

ఆ రాత్రి టార్చిలైట్లు పట్టుకుని ఆరుగురం గడ్డి కట్టలు విప్పాం. జిల్లేడు కొమ్మల మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఇంకా తింటూనే ఉన్నాయి, తమ ఇల్లు నరికేశారన్న సంగతి తెలియకుండా. నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి. జిల్లేడు పాలు వాటికీ ఇబ్బందే. అందుకని ముందు ఈనె కొరికి, పాలు కారిపోనిచ్చి, తర్వాత ఆకు తింటాయి. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి పిట్టలు వాటి జోలికి రావు. కొమ్మతో సహా తీసుకెళ్ళి పడమర వైపు జిల్లేడు మొక్కలకి ఆనించాం. 11 దొరికాయి. ఇంకెన్ని అడుగున నలిగిపోయాయో.

తాత కూడా వచ్చాడు. బోడిగా ఉన్న గట్టు చూసి, "మళ్ళీ మొలుస్తాదిలే అమ్మా. ఇదీ అదీ పక్కపక్కనే చూపించు, జనానికి తెలుస్తాది" అని బీడీ వెలిగించుకున్నాడు. నాలుగు నెలల ప్లానింగులో మాకు తట్టనిది అది.

తెల్లారి ఆరుకి పిట్టల నడక. అది బాగానే జరిగింది, లకుముకి పిట్ట ఒకటి అందరి ముందూ చేపని కొమ్మకేసి బాది మింగి వెళ్ళింది, చప్పట్లు కొట్టకుండా పిల్లల్ని ఆపడం కష్టమైంది. ఆ తర్వాత తాత చెప్పినట్టే చేశాం. తాడుతో మీటరు చదరం గడులు, కోసిన వైపు ఒకటి, కోయని వైపు ఒకటి. గడికి నలుగురు పిల్లలు, పావుగంట టైము, కదిలేవాటి రకాలు లెక్కపెట్టాలి. కోసిన గడిలో 4 రకాలు, అందులో రెండు చీమలే. కోయని గడిలో 19 దాకా రాసి, పేజీ అయిపోయిందని ఇంకో కాగితం అడిగారు. మిడతలు, పీతలా పక్కకి నడిచే సాలీడు, ఉమ్ములాంటి నురగలో దాక్కున్న పురుగు. పెద్దవాళ్ళు కూడా మోకాళ్ళ మీదకి దిగారు. ఒక పాప మాత్రం, "నిన్నే కోశారు కదా ఆంటీ, అన్నీ పక్క గడిలోకి వచ్చేసి ఉంటాయి, అందుకే అక్కడ ఎక్కువ" అంది. సరైన మాట. నెల తర్వాత మళ్ళీ లెక్కపెడదామని చెప్పి ఆ పిల్ల పేరే ముందు రాసుకున్నాను.

నీళ్ళ వైపు తెల్లటి ట్రేలు పెట్టాం. చిన్న వలతో అంచున ఒకసారి తిప్పి ట్రేలో వంపితే, ముందు బురద, నాచు తప్ప ఏమీ కనిపించదు. ఒక నిమిషం కదలకుండా చూడాలి. అప్పుడు బురదలో ఒక ముక్క నడుస్తుంది. తూనీగ పిల్ల అది, రెక్కలు రాక ముందు నీళ్ళలోనే బతుకుతుంది. దోమ లార్వా ఒకటి గిలగిలా కొట్టుకుంటూ దాని ముందుకొచ్చింది. తూనీగ పిల్ల కదల్లేదు. దవడ కింద మడిచి పెట్టుకున్న పెదవి మాత్రం చెయ్యి చాచినట్టు ముందుకి దూసుకొచ్చి, లార్వాని లాక్కుని, మళ్ళీ మడుచుకుంది. కళ్ళార్పితే అయిపోయేంత వేగం. చుట్టూ ఉన్న పదిమందీ ఒకేసారి "అమ్మో" అన్నారు. దోమల మందు కొట్టించమని ఏడాదిగా అర్జీలు పెడుతున్న మా వీధి పెద్దాయన ట్రే దగ్గర అరగంట కూచున్నారు. ట్రే నీళ్ళు తీసినచోటే వంపాం, వలలు ఆరబెట్టాకే ఇంకో చోటికి తీసుకెళ్ళాలని అందరికీ చెప్పాం. లేకపోతే ఒక చెరువు గుర్రపుడెక్క ఇంకో చెరువుకి మనమే మోసినట్టు.

రాత్రి తెల్లటి దుప్పటి కట్టి, వెనక అతినీలలోహిత (యూవీ) లైటు పెట్టాం. ఏడున్నరకి నాలుగు దోమలు. ఎనిమిదికి కూడా అంతే. జనం ఫోన్లు తీశారు, నాకు ఒకటే టెన్షన్. ఎనిమిదిన్నర దాటాక మొదలైంది. ఎండుటాకులా ఒకటి, గద్దలా రెక్కలు వెనక్కి పెట్టుకుని ఒకటి, గోరంత లేత పచ్చది ఒకటి. సీతాకోకచిలుకలు ప్రపంచంలో 18 వేల జాతుల దాకా ఉంటే మాత్‌లు 1,60,000 దాకా ఉన్నాయంటే ఎవరూ నమ్మలేదు. దీపం మీద మోజుతో వస్తాయనే కదా అందరం అనుకునేది. 2024 లో వచ్చిన ఒక పరిశోధనలో హైస్పీడ్ కెమెరాలతో చూస్తే, ఎగిరే పురుగులు వెలుగు వైపు వీపు తిప్పుతున్నాయని తేలింది. రాత్రిపూట కూడా నేలకన్నా ఆకాశమే కాస్త వెలుగు. వీపు అటు ఉంచుకుంటే తలకిందులు కాకుండా ఎగరొచ్చు. పక్కనే బల్బు ఉంటే ఆ లెక్క తప్పి దాని చుట్టూనే తిరుగుతుంటాయి పాపం. అందుకే పదిన్నరకే లైటు ఆర్పేశాం. తెల్లవార్లూ ఉంచితే పొద్దున్నే పిట్టలు వచ్చి దుప్పటి మీద విందు చేసుకుంటాయి.

మొత్తం 143 జాతులు తేలాయి. ఫోటోలు సరిగా రాక కొన్నిటికి ఇంకా పేర్లు దొరకలేదు, ఆ సంఖ్య మారొచ్చు.

పోయిన వారం మళ్ళీ ఉత్తరం పట్టుకుని వెళ్ళాను. ఈసారి మ్యాపు జత చేశాను. ప్లాస్టిక్ ఎప్పుడైనా ఏరవచ్చు. గడ్డి విత్తనాలు రాలాకే కోయాలి, గట్టుని నాలుగు ముక్కలు చేసి ఒక్కోసారి ఒక్కటే. జమ్ము, జిల్లేడు ఉన్నచోట ఎర్ర గీత. కౌంటర్లో ఆయన రెండుసార్లు చదివారు. "శుభ్రం చేయొద్దనా మేడమ్?" అన్నారు.

"చేయొద్దని కాదు సార్, కొంచెం కొంచెంగా చేయమని."

"మరి ఏ సబ్జెక్టు కింద రాసుకోను? పారిశుధ్యం, దీపాలు, నీళ్ళు…" రిజిస్టరు మీద పెన్ను కాసేపు అలా ఆగింది. చివరికి "ఇతరములు" అని రాసి, నంబరు వేసి, రసీదు నా చేతికిచ్చారు.