మా పాత తివాచీ అమ్మిన వైనం

నిన్ననే డబ్బు బ్యాంకులో పడింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే రాస్తున్నాను.

హైదరాబాద్‌లో 1949లో జాగీర్దారీ రద్దయ్యాక పాతబస్తీ దేవిడీల్లోని, అంటే నవాబుల భవనాల్లోని సామాను చాలా ఏళ్లు హర్రాజుకు వచ్చేది. అలాంటి ఒక హర్రాజులో మా మామగారు ఈ పర్షియన్ (ఇరాన్) తివాచీని పాట పాడి కొన్నారు. బిల్లూ లేదు, కాగితమూ లేదు. ఇప్పుడున్న ఫ్లాట్‌లో అంత పెద్ద తివాచీ పరిచే హాలు లేదు. అమ్మేద్దామన్నాను, మావారు సరేనన్నారు.

అమెరికాలో ఉన్న మరిది కొడుకు "పెద్దమ్మా, నాకు పంపించెయ్యి" అన్నాడు. కుదరదు. వందేళ్లు దాటిన కళావస్తువుల్ని 1972 చట్టం ప్రకారం మనబోటివాళ్లు దేశం దాటించకూడదు. ఒకవేళ దాటించినా, 2018 ఆగస్టులో అమెరికా ఇరాన్ తివాచీల మీద మళ్లీ నిషేధం పెట్టింది.

వందేళ్లు దాటిందని ఎలా తెలుసంటే, అంచులో అంకెలు నేసి ఉన్నాయి. మా స్కూల్లో ఉర్దూ చెప్పే టీచరమ్మ వాటిని 1318 అని చదివారు. అది హిజ్రీ సంవత్సరం. అందులో నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలిపితే మన లెక్కకు 1900 వస్తుంది.

ఇక షోరూమ్ సంగతి. ఊళ్లో పేరున్నదే, పేరు రాయను. తివాచీని చుట్టి ట్రాలీ ఆటోలో వేసుకెళ్లాం. అక్కడి కుర్రాడు ముందు నా చెప్పుల వంక చూశాడు, తర్వాతే తివాచీ వంక. "ఆంటీ, ఇది మీ దగ్గరికెలా వచ్చింది?" చెప్పాను. "బిల్లు?" లేదన్నాను. లోపలికెళ్లి యజమానిని పిలుచుకొచ్చాడు. ఆయన మళ్లీ అదే ప్రశ్న, ఈసారి మావారిని. జవాబు నేను చెబుతుంటే ఆయన మావారి మొహమే చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, దొంగసొత్తు మోసుకొచ్చినదానిలా అందరి ముందూ నిలబడ్డాను.

తర్వాత బూట్లతో దానిమీదికెక్కి అటూ ఇటూ నడిచాడు. "కాశ్మీర్ మాల్" అన్నాడు. కాసేపటికి "ఏలూరుదైనా కావచ్చు" అన్నాడు. ఏలూరు తివాచీ అంటే నాకేం చిన్నచూపు లేదు, ఆ నేత పర్షియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు తెచ్చిందేనంటారు. ఈయన మాత్రం దాన్ని తిట్టులా వాడాడు. అంకెలు చూపిస్తే నవ్వాడు. "ఇవన్నీ తర్వాత మార్చేవేనండీ, నాలుగు ముడులు మారిస్తే వందేళ్లు పెరుగుతాయి." అలాంటి మోసం ఉన్నమాట నిజమే, 1318ని 1218 చేస్తారు. "మరి మాది 1318గానే ఉందే? పోనీ 1418ని మార్చారందామా, అంటే 1997. అప్పటికి ఇది మా ఇంట్లోకొచ్చి ఎన్నేళ్లయిందో!" అన్నాను. జవాబు లేదు. కొత్త మెషిన్ కార్పెట్‌కన్నా తక్కువ రేటు చెప్పి, ఉతికించే ఖర్చు కూడా మీదేనన్నాడు.

ఇంత చేసీ ఒక్కసారైనా తిప్పి చూడలేదా మనిషి! తివాచీ జాతకమంతా వెనకవైపే ఉంటుంది. అటు చూడనివాడితో బేరమే పెట్టుకోకండి. ముడులు మీరే భూతద్దంతో లెక్కపెట్టుకోండి. మాది అంగుళానికి అడ్డంగా 14, నిలువుగా 15, అంటే చదరపు అంగుళానికి 210. కుచ్చులు పడుగు (నిలువు) దారాల కొనలే అయి ఉండాలి, విడిగా కుట్టినవైతే అనుమానించాల్సిందే. ధర మీరు ముందు చెప్పకండి. ఇరుగుపొరుగు మాటలు అసలే వినకండి. 2013లో న్యూయార్క్‌లో ఒక పర్షియన్ తివాచీ మూడు కోట్ల ముప్పై లక్షల డాలర్లు దాటి పలికిందని ఫోన్‌లో చూపించి, మా పక్కింటావిడ మమ్మల్ని అప్పుడే కోటీశ్వరుల్ని చేసేసింది. అది 17వ శతాబ్దపు కెర్మాన్ తివాచీ తల్లీ!

కొన్నది వేరే ఊరి పెద్దాయన. గడప దగ్గరే చెప్పులు విడిచి, నేలమీద బోర్లా పడుకుని, టార్చి వేసి వెనకంతా చూశారు. పేకలో, అంటే అడ్డదారాల్లో, నీలిరంగు నూలు కనబడగానే "కాషాన్ అమ్మా ఇది" అన్నారు. కాషాన్ అంటే ఇరాన్‌లో తివాచీలకు పేరున్న ఊరు. ఒక మూల రఫూ చేసి ఉందని, నడుమ ఉన్ని అరిగిందని వేలు పెట్టి చూపించి, ఆ రెంటికీ ధర తగ్గించారు. మేమనుకున్నదానికన్నా తక్కువే వచ్చింది, అయినా బాధనిపించలేదు. ఆయనకు అమ్మకం కాగితం రాసిచ్చాం.

ఈ పొద్దున షోరూమ్ యజమాని ఫోన్ చేశాడు. "మేడమ్, ఆ కాషాన్ ఇంకా ఉందా?" అట. అంటే ఆ రోజే తెలుసన్నమాట! అమ్మేశామన్నాను. ఎంతకని అడిగాడు. చెప్పలేదు.